అక్కకు వేసిన పది ఇంజక్షన్లు

మా ఎదురింటి అంకమ్మరావును పామిడిముక్కల చుట్టుపక్కల అందరూ డాక్టర్ గారనే అంటారు. చదివింది ఇంటరు. చల్లపల్లిలో ఓ డాక్టరు దగ్గర పన్నెండేళ్లు కాంపౌండరుగా చేసి, ఊరికొచ్చి ఆర్‌ఎంపీ బోర్డు పెట్టాడు. చెయ్యి మాత్రం మెత్తన. నాకూ రెండుసార్లు పొడిచాడు కాబట్టి ఆ మాట చెప్పగలను. ఊడ్పుల్లో నడుములు పడిపోయిన ఆడవాళ్లంతా బలం ఇంజక్షన్ కోసం అతని అరుగు మీదే కూర్చునేవాళ్లు.

వాళ్లక్క సరళ ఒళ్లంతా నొప్పులంటే డి విటమిన్ ఇంజక్షన్ మొదలుపెట్టాడు. ఒక్కటేస్తే నెలల తరబడి సరిపోయేదాన్ని వారానికొకటి చొప్పున పది వేశాడు. పైగా కాల్షియం బిళ్లలు. సొంత అక్క కదా, ఇంకాస్త బలం పట్టాలని. ఆ ప్రేమ తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆవిడకి ఎంత తాగినా దాహం తీరేది కాదు. పగలంతా మగత. ఓ రోజు తమ్ముణ్ణే పట్టుకుని “ఎవరండీ మీరు?” అంది. నా కార్లో మచిలీపట్నం తీసుకెళ్లాం. రక్తంలో కాల్షియం విపరీతంగా పెరిగిపోయిందన్నారు.

“విటమిన్ ఇంజక్షన్లేమైనా వేయించారా?” అని డాక్టరమ్మ అడిగింది.

“లేదండీ,” అన్నాడు అంకమ్మరావు.

వేస్తుంటే నేను చూశాను. అయినా నోరు మెదపలేదు.

సెలైన్ ఎక్కించారు. ఎముకల్లోంచి కాల్షియం రక్తంలోకి దిగకుండా ఆపే జోలెడ్రోనిక్ యాసిడ్‌ను, కిడ్నీలు నీరసంగా ఉన్నాయని మోతాదు తగ్గించి ఇచ్చారు. కారణం తెలీక, క్యాన్సరేమోనని రెండు రోజులు స్కానింగులు తీశారు. మూడో రోజుకి కాల్షియం దిగింది, సరళ మనుషుల్ని గుర్తుపట్టింది. కిడ్నీలు మాత్రం పూర్తిగా కోలుకోవన్నారు.

అప్పుడే డి విటమిన్ రిపోర్టు వచ్చింది, ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఎక్కువుందని.

“ముందే తెలిస్తే దానికి వేరే మందు కూడా మొదటిరోజే ఇచ్చేదాన్ని. ఎవరు వేశారమ్మా?” అంది డాక్టరమ్మ.

సరళ తమ్ముడి వైపు చూసింది. “గుర్తులేదండీ.”

డాక్టరమ్మ వెళ్లాక సరళ మెల్లగా అంది: “ఒరేయ్, తెలీక వేశావు, సరే. ఆవిడ అడిగినప్పుడు చెప్పకపోవడం కూడా తెలీకేనా?”

అంకమ్మరావు ఏడుస్తూ లేచి డాక్టరమ్మ గదికి వెళ్లాడు, నిజం చెప్పడానికి. వారం తిరక్కుండా బోర్డు కూడా పీకేశాడు.

నన్ను మాత్రం సరళ ఏమీ అడగలేదు. “సమయానికి కారు తెచ్చి ప్రాణం నిలబెట్టావు బాబూ,” అని కనిపించినప్పుడల్లా దండం పెడుతుంది.