క్లాసు గోడ మీద పెట్టిన కాగితం

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు నేను డోర్నకల్‌లో ఒక మిషన్ బడిలో చరిత్ర చెప్పేదాన్ని. టీచరు ట్రైనింగు తీసుకునే ఆడపిల్లల బడి అది. పదహారు, పదిహేడేళ్ల పిల్లలు హాస్టల్లో ఉండి చదువుకునేవారు. నాకు అప్పటికి ఇరవై మూడేళ్లు. రజాకార్లు పోయారు గాని తుపాకులు పోలేదు. ఊళ్లలో మిలిటరీ క్యాంపులు పడ్డాయి. దొరల భూములు పంచిన సంఘం వాళ్లు అడవి పట్టారు. వాళ్లకోసం గాలింపులు సాగుతుండేవి.

మా బడి పెద్ద ఒక అమెరికా ఆవిడ. ఆమె తన దేశం నుంచి రేకు పెట్టె నిండా పాత కాగితాల నకళ్లు తెచ్చుకుంది. బానిసల్ని అమ్మిన పత్రాలు, తోటల యజమానుల ఉత్తరాలు, పారిపోయిన బానిసల్ని పట్టిస్తే బహుమానం ఇస్తామంటూ పత్రికల్లో వేయించిన ప్రకటనలు. “పుస్తకం పక్కన పెట్టు. వీటితోనే మా దేశం చరిత్ర చెప్పు” అని ఆ పెట్టె నాకు అప్పగించింది.

రోజుకొక కాగితాన్ని తెలుగులోకి మార్చి బోర్డు మీద రాసేదాన్ని. పిల్లల్ని మూడే ప్రశ్నలు అడిగేదాన్ని. ఇది రాసిందెవరు? ఎవరు చదవాలని రాశారు? రాసినవాడు తనకు తెలియకుండానే ఏం బయటపెట్టుకున్నాడు?

ఒకనాడు ఒక ప్రకటన రాశాను. పారిపోయిన మనిషి ఎత్తు, రంగు, మాట్లాడేటప్పుడు తల దించుకునే అలవాటు, వీపు మీద మచ్చలు అన్నీ అందులో ఉన్నాయి.

“ఆ మచ్చలు ఎక్కడివి?” అని అడిగాను.

వెనక వరసలో నర్మెట్ట ఊరి పిల్ల లేచింది. ఎప్పుడూ నోరు విప్పని పిల్ల. “కొట్టినోడే రాసిండు టీచరమ్మా. గందుకే గంత మంచిగ ఎరుక ఆయనకు. మా ఊళ్ల వెట్టిపని ఇడిచిపెట్టి పోయినోళ్ల కోసం దొర గూడ గిట్లనే గుర్తులు చెప్పి టముకేయించేటోడు.”

సముద్రాల అవతలి కాగితం ఒక్క మాటతో మా నేల మీద వాలింది. ఆ సంతోషంలో నాకొక ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన రాకుండా ఉంటే ఎంత బాగుండేదో అని ఇన్నేళ్లుగా అనుకుంటూనే ఉన్నాను.

“పట్టుకోవాలనుకునేవాడు మనిషి గుర్తుల్ని ఎట్లా రాస్తాడో చూశారు. ప్రేమించేవాళ్లు అవే గుర్తుల్ని ఎట్లా రాస్తారో మీరు రాసి చూపించండి. మీకు ఇష్టమైన ఒక మనిషిని ఎంచుకోండి” అన్నాను.

నర్మెట్ట పిల్ల తన అన్నను ఎంచుకుంది. ఎడమచేతి చిటికెనవేలు వంగదు, కొడవలి కోసుకుని నరం తెగింది. కుడి కనుబొమ్మ మీద గాటు ఉంది, చెల్లెను ఎత్తుకుని పరుగెత్తుతూ బావి మెట్ల మీద పడ్డప్పటిది. ముందు పన్ను విరిగింది కనుక నవ్వేటప్పుడు అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటాడు. ఎవరైనా కోప్పడితే చెవి రుద్దుకుంటాడు. పేజీ అంతా అట్లాగే నడిచింది. అన్న ఇంట్లోనే ఉన్నట్టు, ఆ పూటే చూసి వచ్చినట్టు రాసింది. అతను రెండేళ్లుగా అడవిలో, సంఘం దళంలో ఉన్నాడని నాకు తెలియదు. నేను అడగలేదు. అడగవలసిన కాలంలో అడగకపోవడం కూడా తప్పేనని అప్పుడు తెలియలేదు.

ఆ కాగితం నాకు ఎంతో నచ్చింది. బడి వార్షికోత్సవానికి మంచి రాతలన్నిటినీ క్లాసు గోడకు పిన్నులతో గుచ్చాను. దాన్ని అందరికీ కనబడేలా నడిమధ్యన పెట్టాను. పిల్ల పేరు కూడా కింద ఉండనిచ్చాను.

వచ్చిన పెద్దమనుషుల్లో క్యాంపు ఆఫీసరొకాయన ఉన్నాడు. తెలుగు చదవగలడు. చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కొక్క కాగితమే చదివాడు. నర్మెట్ట పిల్ల కాగితం దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. “బాగా నేర్పుతున్నారమ్మా” అన్నాడు నాతో. నేను పొంగిపోయి నమస్కారం పెట్టాను.

మూడు వారాలకు మా బాపును దవాఖానలో చూపించడానికి మానుకోట తీసుకుపోయాను. తిరిగి బండి ఎక్కడానికి స్టేషనులో నిలబడితే గోడ మీద కొత్త నోటీసు కనిపించింది. ఉర్దూలో, కింద తెలుగులో. పట్టించినవాళ్లకు ఇనాం అని ఉంది. చిటికెనవేలు. కనుబొమ్మ. ఆ తరువాత, నవ్వునప్పుడు చేతితో నోరు మూసుకొనును.

అదే వరస. నా పిల్లలకు నేర్పిన మూడు ప్రశ్నలూ నా మీదికే తిరిగాయి. మనిషిని ఎప్పుడూ చూడని పోలీసులకు అతను ఎట్లా నవ్వుతాడో ఎట్లా తెలుస్తుంది?

“ఏందే బిడ్డా, గట్ల నిలవడ్డవు? బండొచ్చింది” అని బాపు చెయ్యి పట్టి లాగాడు.

ఆ సాయంత్రమే పిల్లను పిలిచి చెప్పాను. ఆమె ఏడవలేదు. “నేను రాసిన మాటలేనా టీచరమ్మా?” అని ఒక్కటే అడిగింది. అవునన్నాను. గోడ మీది కాగితం తీసి ఆమె చేతిలో పెట్టబోతే పట్టుకోలేదు. “మా అవ్వకు చెప్పాలె. ఇంటికి పోత” అంది.

ఒంటరిగా పంపలేక నేనూ బయలుదేరాను. కాజీపేటలో బండి మారి జనగామలో దిగాం. స్టేషను బయట సిపాయిలు మూటలు విప్పించి చూశారు. అక్కడినుంచి నర్మెట్టకు ఎడ్లబండి. వార్త తొందరగా అందితే, ఎవరో ఒకరు అడవిలోకి కబురు పంపితే అతను తప్పించుకుంటాడని నేను లోలోపల లెక్కలు వేసుకుంటున్నాను.

మేం వెళ్లేసరికి వాకిట్లో ఆడవాళ్లు గుమిగూడి ఉన్నారు. భూపాలపల్లి వైపు అడవి అంచున ఒక గూడెంలో అతన్ని పట్టుకున్నారట. నీళ్లు తాగుతుండగా చెంబు పట్టుకున్న చేతిని చూసి గుర్తుపట్టారట. ఆ రోజే కాల్చేశారని తెలిసింది. శవాన్ని ఇవ్వలేదు. ఎక్కడ పూడ్చారో చెప్పలేదు.

పిల్ల తల్లి గోడకు ఆనుకుని కూచుని ఉంది. నేను ఆమె ముందు కూలబడి ఉన్నదంతా చెప్పాను. కాగితం, గోడ, ఆఫీసరు, నేను పెట్టిన నమస్కారం. ఆమె తిడుతుందని, కొడుతుందని కూడా అనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

ఆమె, “ఆ కాయితం ఉన్నదా పంతులమ్మా?” అంది.

సంచిలో ఉందన్నాను.

“సదువు. నా కొడుకుది ఫోటువ గూడ లేదు.”

చదివాను. బావి మెట్ల మాట దగ్గర ఆగాను. “ఆగకు” అందామె. నవ్వే మాట వచ్చినప్పుడు ఆమె తన అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది, కొడుకులాగే. అయిపోయాక “మల్ల సదువు” అంది. ఎన్నిసార్లు చదివానో గుర్తులేదు. పొద్దు వాలేదాకా చదివాను. కాగితం ఆమె దగ్గరే ఉంచుకుంది.

ఆ పిల్ల ఒక ఏడు చదువు మానేసి మళ్లీ వచ్చింది. నా క్లాసులోనే కూచుంది. పరీక్ష పాసై భూపాలపల్లి వైపు ఒక చిన్న బడిలో పని అడిగి మరీ తీసుకుంది. ఎందుకు ఆ అడవి అని ఎవరూ ఆమెను అడగలేదు. నేను ఆ తరువాత చాలా ఏళ్లు ఆ రేకు పెట్టెలోని కాగితాలతోనే పాఠం చెప్పాను. కాని బతికున్న మనిషి గురించి రాయమని ఏ పిల్లనూ అడగలేదు. ఇప్పటికీ ఏ గోడ మీద నోటీసు కనబడినా కాళ్లు ఆగిపోతాయి. చదవకుండా దాటలేను.

చాలా కాలానికి ఆ పిల్లను చూడడానికి ఆమె బడికి వెళ్లాను. పిల్లలు ఇళ్లకు పోయాక అరుగు మీద కూచున్నాం. అడగకుండానే ఆమె మొదలుపెట్టింది.

“టీచరమ్మా, అన్న ఏలు సంగతి మా ఊళ్ల అందరికి ఎరుకే. ఆ నవ్వు గూడ. ఊరోళ్లే ఎవలన్న చెప్పిండొచ్చు.”

“నిజంగా అట్లా అనుకుంటున్నావా?”

ఆమె లేచింది. లోపలికి పోయి నాకు మంచినీళ్లు తెచ్చింది.