తవిటయ్యకి వినపడని మాట

ఖరగ్‌పూర్‌లో ట్రాఫిక్ అనే రైల్వే పేటలోని మా తెలుగు సంఘంలో ముందు రొట్టె తిని, తర్వాత బాప్తిస్మం పుచ్చుకున్న మనిషి తవిటయ్య ఒక్కడే. మిగతా అందరం వరస తప్పకుండా చర్చి వెనక సిమెంటు తొట్టిలో మునిగి, ఒళ్ళు తుడుచుకుని, ఆ తర్వాతే ప్రభు బల్ల దగ్గరికి వెళ్ళాం. తవిటయ్య విషయం వచ్చేసరికి సంఘపెద్ద సత్యవేదం గారు చాలా మథనపడి, "ఖర్చు ముందే అయిపోయింది కనక ఇప్పుడు శాంక్షన్ ఇవ్వక తప్పదు" అని తేల్చారు. ఆయన రైల్వే అకౌంట్సులో హెడ్ క్లర్కు. పరలోకంలో కూడా రైల్వే రూల్సే నడుస్తాయని ఆయన నమ్మకం.

ఆ ఖర్చు ఎలా అయిందో నేను చెప్పాలి. అప్పట్లో చర్చిలో హార్మోనియం వాయించేదాన్ని నేనే. ఆ పీట మీద కూర్చుంటే అందరి మొహాలూ కనపడతాయి, మనకేసి ఎవరూ చూడరు.

తవిటయ్యది పాలకొండ వైపు పల్లెటూరు. మీసాలు రాకముందే మేనమామ వెంట ఖరగ్‌పూర్ వచ్చి వర్క్‌షాపులో కుదురుకున్నాడు. వేసింది బాయిలర్ షాపులో. బయట ఇద్దరు సుత్తులతో రివెట్లు బాదుతుంటే, బాయిలర్ కడుపులో కూర్చుని ఆ రివెట్ వెనక ఇనపదిమ్మె ఆనించి పట్టుకోవడం ఆయన పని. మన తల బిందెలో పెట్టి ఎవరైనా బయట నుంచి గరిటెతో వాయిస్తే ఎలా ఉంటుందో, ఆయన ఉద్యోగమంతా అలా గడిచింది. నలభై దాటేసరికి వర్క్‌షాపు సైరన్ కూడా వినపడడం మానేసింది. ఆ షాపులో చెవుడు జబ్బు కింద లెక్క కాదు, సీనియారిటీ కింద లెక్క.

ఆయన భార్య చిలకమ్మ ఆడవాళ్ళ ప్రార్థన కూటాలకి వెళ్ళి వెళ్ళి బాప్తిస్మం పుచ్చుకుంది. ఆయన్ని రమ్మంటే "ఆదివారం ఒక్కనాడేనా నన్ను తొంగోనియ్యవే" అనేవాడట. తర్వాత ఆవిడకి టైఫాయిడ్ వచ్చి రైల్వే ఆసుపత్రిలో పడి ఉంటే, సంఘం ఆడవాళ్ళు వంతులేసుకుని గంజి కాచి పట్టుకెళ్ళారు. ఆవిడ లేచి తిరిగిన మొదటి ఆదివారం, ఎవరూ పిలవకుండానే తవిటయ్య ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చి ముందు బెంచీలో కూర్చున్నాడు. చెవులున్నన్నాళ్ళూ రాలేదు, వచ్చేసరికి చెవులు లేవు. మా పాస్టర్ సమూయేలు అయ్యగారి ప్రసంగాలు ఎంత పొడుగో తెలిసినవాళ్ళం కనక, ఇంత అదృష్టవంతుణ్ణి చూడలేదనుకున్నాం.

వినపడకపోయినా పాడడం మాత్రం మానలేదు. నా చెయ్యి హార్మోనియం తిత్తి మీద ఆడడం చూసి, పాట మొదలయిందని కనిపెట్టేవాడు. మేమంతా మూడో చరణంలో ఉంటే ఆయన పల్లవిలో ఉండేవాడు. మేం ఆమెన్ అని కూర్చున్నాక కూడా ఆయన పాట వెనక వస్తూనే ఉండేది. గొంతా, బాయిలర్ షాపు గొంతు. నాకు ఒళ్ళు మండిపోయేది. మా నాన్న మాస్టార్ని పెట్టి సంగీతం చెప్పించింది ఈయన వెనక పరిగెత్తడానికా అనుకునేదాన్ని.

నెలలో మొదటి ఆదివారం మాత్రం కోపం వచ్చేది కాదు. ఆ రోజు ప్రభు బల్ల. గోల్ బజార్ బేకరీ రొట్టె ముక్కలు కోసి పళ్ళెంలో పెట్టి బెంచీల వెంట పంపేవారు. పళ్ళెం చిలకమ్మ దగ్గరికి వస్తుంది. ఆవిడ ఒక ముక్క తీసుకుని పళ్ళెం మొగుడికి అందిస్తుంది. తవిటయ్య రెండు చేతులా పుచ్చుకుని, ఒకసారి దానికేసి చూసి, పక్కవాళ్ళకి అందిస్తాడు. బాప్తిస్మం లేనివాళ్ళు ముట్టకూడదు. ఇంట్లో ఒకే కంచంలో తినే మొగుడూ పెళ్ళాలు. ఇక్కడికొచ్చి పెళ్ళాం తింటుంటే మొగుడు ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చోవాలి. ఏళ్ళ తరబడి అదే తంతు. నాకు చూడబుద్ధయ్యేది కాదు.

రిటైరయ్యే రోజులు దగ్గర పడ్డాక ఒకనాడు చిలకమ్మ అయ్యగారి దగ్గరికి వచ్చింది. "మావోడు మునుగుతానంతన్నాడు అయ్యగారూ. ఆ రొట్టి ముక్క నాతో కూడా తినాలంట" అంది. అడిగింది అంతే. పెన్షన్ అడగలేదు, పక్కా క్వార్టర్ అడగలేదు.

అయ్యగారు పరమ సాధువు. ఎవరేమడిగినా "ఆలోచిద్దాం" అనేవారు. ఆలోచించడానికి ఆయనకి ఇద్దరు పెద్దలు ఉన్నారు. ఒకరు సత్యవేదం గారు. మనిషి నమ్మితేనే రక్షణ అంటారు. రెండోవారు బడిపంతులు జ్ఞానరత్నం గారు. మనిషి చేసేదేమీ లేదు, నమ్మకం కూడా దేవుడు ఇస్తేనే వస్తుంది, రక్షణ మొత్తం ఉచిత వరం అంటారు. విచిత్రం ఏమిటంటే ఇద్దరూ చూపించే వాక్యం ఒకటే: విశ్వాసం ద్వారా రక్షణ పొందారు, అది మీవల్ల కలిగింది కాదు, దేవుని వరమే అని. ఒకరు మొదటి సగం చదివి బైబిలు మూసేసేవారు, ఇంకొకరు రెండో సగం దగ్గర తెరిచేవారు.

"విశ్వాసం వినడం వల్ల కలుగుతుందని రాసి ఉంది" అన్నారు సత్యవేదం గారు. "ఇతను ఒక్క ప్రసంగమూ విననే లేదు. విననివాడికి విశ్వాసం ఎక్కణ్ణించి వచ్చిందండీ?"

"దేవుడు చెవిలోంచే రావాలని ఎక్కడుంది?" అన్నారు జ్ఞానరత్నం గారు.

తవిటయ్యని పరీక్ష చేసి తేల్చుకుందామన్నారు. శనివారం సాయంత్రం బల్ల వెనక ముగ్గురూ కూర్చున్నారు. ఎదురుగా తవిటయ్య, పక్కన సైగలతో చెప్పడానికి చిలకమ్మ. నాకు హార్మోనియం తుడిచే పని ఒకటి గుర్తొచ్చింది. ఆ రోజు తుడిచినంత శ్రద్ధగా దాన్ని మళ్ళీ ఎప్పుడూ తుడవలేదు.

"నువ్వు పాపివని ఒప్పుకుంటావా?" అన్నారు సత్యవేదం గారు.

చిలకమ్మ కాస్త ఆలోచించి, సీసా ఎత్తి తాగినట్టు చూపించి, పక్కవాడి జేబులో చెయ్యి పెట్టినట్టు చూపించింది. తవిటయ్య అదిరిపడ్డాడు. "తాగుడు ఒగ్గీసి శానా ఏళ్ళయినాది బాబూ! దొంగతనం ఎప్పుడూ సెయ్యలేదు! ఫోర్‌మేన్ని అడగండి!" అని అరిచాడు. ఆ కేకకి బయట గోడ మీది కాకులు లేచిపోయాయి.

"రక్షణ దేవుడు ఊరికే ఇచ్చే వరం. అది తెలుసుకున్నావా?" అన్నారు జ్ఞానరత్నం గారు.

చిలకమ్మ అటూ ఇటూ చూసి, అయ్యగారి ముందున్న టీ గ్లాసు తీసి మొగుడి చేతిలో పెట్టింది. తవిటయ్య దణ్ణం పెట్టి తాగేశాడు. అయ్యగారు గ్లాసు వెళ్ళినవైపు చూశారు.

"అవన్నీ సరే. విశ్వాసం ఉందా లేదా, అదడుగు" అన్నారు సత్యవేదం గారు.

అక్కడ చిలకమ్మకి సైగ దొరకలేదు. తాగుడుకి సైగ ఉంది, దొంగతనానికి ఉంది, ఇవ్వడానికి ఉంది. నమ్మడానికి ఏం చూపించాలి? చివరికి చంటిపిల్లని ఎత్తుకున్నట్టు చేతులు పెట్టి, ఆ పిల్ల తల్లి భుజం మీద నిద్రపోయినట్టు తల వాల్చింది.

తవిటయ్య మొహం విప్పారింది. "నన్ను కొన్న సంగతేటి? అదా?" అని మొదలుపెట్టాడు.

"మాయమ్మకి నాకన్నా ముందల పుట్టినోలు పుట్టినట్టే పోనారు బాబూ. నాను పుట్టగానే పక్కింటి అప్పమ్మ సేటడు తవుడు అట్టుకొచ్చి మాయమ్మ ఒళ్ళో పోసి నన్ను కొనీసినాది. ఈ ఇంట్లో పిల్లల్ని అట్టుకెల్లిపోయే సావు వచ్చి సూస్తే, ఈ ఇంటి పిల్లడే లేడు! ఎనక్కి ఎల్లిపోనాది. ఆనక అప్పమ్మ నన్ను మాయమ్మకే ఇచ్చి పెంచమన్నాది. అందికే నాను తవిటయ్యని. ఆయేళ నానేటి నమ్మినాను బాబూ? పాలు తాగి తొంగున్నాను. బతికినాక తెలిసినాది. తెలిసిన కాణ్ణించి అప్పమ్మ సచ్చిపోయినదాకా ఆవిణ్ణి అమ్మా అనే పిలిసినాను. అంతే."

జ్ఞానరత్నం గారు బల్ల గుద్దారు. "విన్నారా! చంటిబిడ్డ ఏం చేశాడు? ఏమీ చెయ్యలేదు. అంతా వరం!"

"అమ్మా అని పిలిచాడా లేదా?" అని సత్యవేదం గారు లేచారు. "పిలవకపోతే ఎవరికి కొడుకు? ఆ పిలుపే విశ్వాసం!"

"పిలవకముందే బతికాడు కదండీ!"

"బతికితే సరా?"

ఇద్దరూ తామే గెలిచామనుకున్నారు. గెలిచినవాళ్ళిద్దరూ కలిసి తవిటయ్యని ఓడించడం ఒక్కటే మిగిలింది. తవుడు పోసి పిల్లల్ని కొనడం అన్యమతాచారం కనక, అటువంటి సాక్ష్యం చెల్లదన్నారు. ఆ ఒక్క మాట దగ్గర ఇద్దరికీ పొత్తు కుదిరింది. అయ్యగారు ఖాళీ గ్లాసు కేసి చూస్తూ "ఆలోచిద్దాం" అన్నారు.

"ఏటన్నారే?" అని తవిటయ్య భార్యని అడిగాడు. ఆవిడ అరచెయ్యి గాలిలో ఊపింది. ఇప్పుడు కాదు అని.

ఆనాడు రాజుకున్న నిప్పు మరి ఆరలేదు. ఎవరిల్లు చూసినా అదే గొడవ. ఆఖరికి సంఘం రెండయింది. జ్ఞానరత్నం గారి పక్షంవాళ్ళు సాయంత్రాలు ఆయన క్వార్టర్ వరండాలో కూడుకోవడం మొదలుపెట్టారు. బెంచీలు పంచుకున్నారు. హార్మోనియం ఒకటే ఉంది కనక పొద్దున్న చర్చిలోనూ, సాయంత్రం వరండాలోనూ నేనే వాయించాలన్నారు. హార్మోనియం దగ్గర మాత్రం రెండు పక్షాలకీ సిద్ధాంతభేదం లేదు.

మా పక్క క్వార్టర్ కామేశం గారు బ్రాహ్మలు, డివిజనల్ ఆఫీసులో పని. సంగతి విని పగలబడి నవ్వారు. "మాలో వైష్ణవులు దీని మీద ఎప్పుడో కొట్టుకుని విడిపోయారమ్మా. కోతిపిల్ల అయితే తల్లిని తనే పట్టుకోవాలి. పిల్లిపిల్లని తల్లే నోట కరుచుకుపోతుంది. భక్తుడు కోతిపిల్లా, పిల్లిపిల్లా అని పేచీ. మీరు కాస్త ఆలస్యంగా మొదలెట్టారు, అంతే" అన్నారు.

తవిటయ్య రెండుచోట్లకీ వచ్చేవాడు. ఆయనకి రెండు ప్రసంగాలూ ఒకేలా వినపడేవి. పైగా రోజుకి రెండుసార్లు పాడుకునే వీలు దొరికింది. చిలకమ్మకి మాత్రం వరండా మీద ఆశ పుట్టింది. ఒక సాయంత్రం ధైర్యం చేసి అడిగింది.

"ఊరికే ఇచ్చేదే అంతన్నారు కదా బాబూ. మావోడికి ఇయ్యండి మరి."

జ్ఞానరత్నం గారు చాలా మృదువుగా నవ్వారు. "ఇచ్చేది దేవుడమ్మా, మనం కాదు. ఇతనికి ఇచ్చాడో లేదో మనకెలా తెలుస్తుంది? ఏదైనా గుర్తు కనపడనీ, చూద్దాం."

అంటే పొద్దున్న చర్చిలో తవిటయ్యకి విశ్వాసం లేదు, సాయంత్రం వరండాలో ఆయనకి వరం అందలేదు. పళ్ళెం రెండుచోట్లా ఆయన చేతుల్లోంచే వెళ్ళిపోయేది. ఆ రాత్రి దారిలో చిలకమ్మ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "రేషన్ షాపోడు నయం కాదేటమ్మా. లేకపోతే లేదంటాడు. ఈలు ఉందంతారు, ఊరికేనంతారు, నీకు కాదంతారు" అంది.

తర్వాతి నెల మొదటి ఆదివారం, పొద్దున్న చర్చిలో పళ్ళెం బయల్దేరింది. వెనక సత్యవేదం గారు ఎవరు తీసుకుంటున్నారో చూస్తూ నడుస్తున్నారు. చిలకమ్మ తన ముక్క తీసుకుంది. తవిటయ్య ఎప్పటిలాగే పళ్ళెం రెండు చేతులా పుచ్చుకుని, చూసి, పక్కకి అందించి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

చిలకమ్మ తన ముక్క నోట్లో పెట్టుకోలేదు. మధ్యకి విరిచింది. మొగుడి చెయ్యి పట్టి తెరిచి, సగం అందులో పెట్టి, వేళ్ళు మూసింది. ఆనాడు టీ గ్లాసు పెట్టినట్టే పెట్టింది.

తవిటయ్య చేతికేసి చూసుకున్నాడు. భార్యకేసి చూశాడు. చెయ్యి పైకెత్తాడు.

"ఆగు!" అని కేకేశారు సత్యవేదం గారు. ఆయన అంత గట్టిగా అరవగలరని అప్పటిదాకా మాకు తెలియదు. "తవిటయ్యా! ఆగు! ముట్టుకోకు!"

చర్చి దద్దరిల్లింది. చంటిపిల్లలు ఏడుపు లంకించుకున్నారు. అయ్యగారు కళ్ళు మూసుకున్నారు. విశ్వాసం వినడం వల్ల వస్తుందో లేదో నాకు తెలియదు గానీ, ఆగడం మాత్రం వినడం వల్లే వస్తుంది. తవిటయ్యకి వినపడలేదు. సగం ముక్క నోట్లో వేసుకుని, తొందర లేకుండా నమిలి, మింగాడు.

అప్పుడు తలెత్తి చూశాడు. సంఘం మొత్తం తనకేసే చూస్తోంది, అందరి నోళ్ళూ తెరుచుకుని ఉన్నాయి. పాట మొదలయిందనుకున్నాడు పాపం. వెనకబడ్డానేమోనని గబగబా లేచి నిలబడి, గొంతెత్తి పాడడం మొదలుపెట్టాడు.

ఏ పాటో పోల్చుకోవడానికి నాకు కొంచెం సేపు పట్టింది. పోల్చుకుని, తిత్తి లాగి, ఆయన ఎక్కడున్నాడో అక్కడే అందుకుని వాయించాను. చిలకమ్మ తన సగం అప్పుడు తింది.