రక్తసంబంధీకులకు అందని ఉత్తరం

పెనుకొండ కొండ ఎక్కుతూ సగం దారిలో ఒక బండ మీద కూర్చుండిపోయిన రోజున నాకు యాభై నాలుగేళ్ళు. ఆఫీసువాళ్ళం ఆదివారం సరదాగా కోట చూడటానికి వెళ్ళాం. నాకంటే పెద్దవాళ్ళు, నాకంటే ఒళ్ళున్నవాళ్ళు నన్ను దాటి పైకి వెళ్ళిపోయారు. పట్టుపురుగుల గుడ్లు తయారుచేసి రైతులకిచ్చే ప్రభుత్వ కేంద్రంలో మా ఉద్యోగం. పురుగు కుబుసం విడిచే ముందు మేత మాని కదలకుండా ఉండటాన్ని మా వైపు జ్వరానికి కూర్చోవడం అంటారు. ఒక సహోద్యోగి వెనక్కి తిరిగి, "ఏమప్పా, జ్వరానికి కూచున్నావా? ఆకు వేసేది ఆపల్లా?" అన్నాడు. అందరితోపాటు నేనూ నవ్వబోయాను. ఊపిరి చాలలేదు.

హిందూపురంలో డాక్టరు స్కానింగు చేసి గుండె గోడ మందంగా ఉందన్నాడు. బీపీ వల్ల కావచ్చు, కాకపోవచ్చు, బెంగళూరు వెళ్ళమన్నాడు. అక్కడి ఆసుపత్రిలో రక్తం తీసి జన్యుపరీక్షకు పంపారు. కొన్ని వారాల తరువాత ఫలితం కోసం రమ్మంటే ఒక్కడినే వెళ్ళాను. ఇంట్లో ఆఫీసు పని అని చెప్పాను.

ఫలితం వివరించింది డాక్టరు కాదు. రోగుల కుటుంబాలకు ఈ విషయాలు చెప్పడమే ఉద్యోగంగా ఉన్న ఒక అమ్మాయి. తెలుగు బాగా మాట్లాడింది. గుండె కండరాన్ని తయారుచేసే జన్యువుల్లో ఒకదానిలో ఒక్క అక్షరం తప్పు పడిందని చెప్పింది. దానివల్ల గోడ మందమవుతుందట. ఒక్కోసారి గుండె లయ ఉన్నట్టుండి చెదిరిపోతుందట. కొందరికి ఎనభై ఏళ్ళు వచ్చినా ఏమీ కాదు, కొందరికి మొదటి లక్షణమే మరణం అంది. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చేందుకు సగం అవకాశం, రాకపోయేందుకు సగం.

కాగితం మీద మా కుటుంబాన్ని గీస్తూ, మా నాయన ఎట్లా పోయారని అడిగింది. నలభై మూడేళ్ళకు, వడదెబ్బతో అన్నాను. ఆమె ఆ పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టి, మా ఇళ్ళల్లో మేనరికాలు ఉన్నాయా అని అడిగింది. పాతకాలంలో ఉండేవి అని చెప్పాను.

అది అబద్ధం. నాకున్నది ఒక్క కూతురు. ఆమెను ధర్మవరంలో ఉన్న మా అక్క కొడుక్కు ఇవ్వాలని ఎప్పటినుంచో అనుకున్నాం. పిల్లలిద్దరికీ ఇష్టమే. అక్కది చేనేత ఇల్లు. ఆమె, కొడుకు రెండు మగ్గాల మీద పట్టుచీరలు నేసేవాళ్ళు. బావ పోయి చాలా ఏళ్ళయింది. తాంబూలాలు పుచ్చుకోవడమే మిగిలింది.

ఆ అమ్మాయి నాకు ఒకే ఉత్తరం మూడు ప్రతులు ఇచ్చింది. పైన 'రక్తసంబంధీకులకు' అని ఉంది. మీ కుటుంబంలో ఒకరికి ఈ లోపం ఉన్నట్టు తేలింది, మీరూ పరీక్ష చేయించుకోవాలి, అని నాలుగు వాక్యాలు. అక్కకు ఒకటి, చిన్నాయన పిల్లలకు ఒకటి, నా కూతురికి ఒకటి. ఆసుపత్రి తనంతట తాను వాళ్ళకు చెప్పడానికి లేదని, చెప్పవలసింది నేనేనని రెండుసార్లు అంది. అట్లాగే అన్నాను.

ఇంటికి వచ్చి ఆ మూడింటినీ రిపోర్టుతో సహా బీరువాలో, నా సర్టిఫికెట్ల కవరులో పెట్టాను. రిపోర్టును ఫోనులో ఫొటో తీసుకున్నాను. ఆ కాగితాలు నాకు మళ్ళీ మళ్ళీ అవసరమవుతాయని తెలుసు. అవసరమయ్యేది నాకొక్కడికే అన్నట్టు ప్రవర్తించాను.

తరువాతి నెలల్లో ఈ జబ్బు గురించి దొరికిందల్లా చదివాను. గుండె అతిగా బిగుసుకోవడాన్ని సడలించే కొత్త మాత్రలు వచ్చాయి. తప్పుపడిన అక్షరాన్నే దిద్దే ప్రయత్నాలు ప్రయోగశాలల్లో జరుగుతున్నాయి. ఒకే ఇంట్లో, ఒకే లోపంతో, ఒకరు ముసలితనం దాకా బతకడం, ఇంకొకరు నడివయసులో కూలిపోవడం ఎందుకో పరిశోధకులకే పూర్తిగా తెలియదు. ఈ చివరి మాటను పట్టుకున్నాను. వాళ్ళకే తెలియనప్పుడు నేను తొందరపడి చెప్పడం దేనికి అనుకున్నాను. ప్రతి వ్యాసంలోనూ చివర ఒక వాక్యం ఉండేది, దగ్గరి బంధువులందరికీ పరీక్ష చేయించాలని. అక్కడికి రాగానే ఫోను పక్కన పెట్టేవాడిని.

నా ఉద్యోగం ఏమిటో ఇక్కడ చెప్పాలి. గుడ్లు పెట్టిన తల్లి సీతాకోకను కల్వంలో నూరి, ఆ చుక్కను గాజుపలక మీద వేసి మైక్రోస్కోపులో చూడటం. తల్లిలో పెబ్రిన్ అనే రోగపు క్రిమి కనిపిస్తే ఆ గుడ్లన్నీ కాల్చేస్తాం. గుడ్డును చూసి ఏమీ తెలుసుకోలేం, తల్లిని చూడాలి. ఇరవై ఎనిమిదేళ్ళు ఆ పని చేశాను. అది క్రిమి, ఇది జన్యువు, రెండూ ఒకటి కాదని నాకు తెలుసు. కానీ పైతరాన్ని చూడకుండా కిందితరం గురించి ఏమీ రాయకూడదన్నది మాకు మొదటిరోజు నేర్పే పాఠం. రైతులు గుడ్ల కోసం తొందరపెట్టినా నేనెప్పుడూ చూడకుండా సంతకం పెట్టలేదు. ఆఫీసులో నాకు మంచి పేరుంది.

రిపోర్టు వచ్చిన నాలుగు నెలలకు హిందూపురంలో మా ఇంట్లో తాంబూలాలు మార్చుకున్నాం. అక్క తన చేత్తో నేసిన చీర తెచ్చింది. అందరితోపాటు కూర్చుని కడుపునిండా తిన్నాను. మామూలుగానే ఉన్నాను.

పెళ్ళి మరుసటి ఏడాది అనుకున్నాం. ఆ మధ్యలో ఒకరోజు అక్క ఫోను చేసింది.

"మగ్గం గుంతలో కూచుంటే కండ్లు తిరుగుతాండాయిరా. గ్యాసో ఏమో."

మజ్జిగ తాగమన్నాను. సోడా కూడా తాగమన్నాను.

"అది సరే, నువ్వు మాటిమాటికి బెంగళూరుకు ఎందుకు పోతాండావు?"

"బీపీ అక్కా."

"బీపీకి బెంగళూరా? హిందూపురం డాక్టర్లు ఈగలు తోలుకుంటా కూచున్నారు, వాళ్ళ దగ్గరికి పోగూడదా?" అని నవ్వింది. నేనూ నవ్వాను. అప్పుడు ఒక్క వాక్యం చాలేది. ఆమె అడిగింది కూడా. అయినా చెప్పలేదు.

ఇది జరిగిన మూడు వారాలకు, ఉదయం పదిగంటల వేళ, అక్క మగ్గం మీదనే ముందుకు వాలిపోయింది. ఆమె కొడుకు, నాకు కాబోయే అల్లుడు, పక్క మగ్గం మీదనుంచి దూకి ఆమెను బయటికి లాగి, ఫోనులో చూసి నేర్చుకున్న పద్ధతిలో ఛాతీ నొక్కాడు. పక్కింట్లో ఉండే ముస్లిం ఆటో డ్రైవరు ఆటో వాకిట్లోకే తెచ్చాడు. ధర్మవరంలో కరెంటు షాకు ఇచ్చి గుండెను మళ్ళీ ఆడించారు. అక్కడినుంచి అనంతపురంలో పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయారు. నేను మధ్యాహ్నానికి చేరేసరికి అక్క వెంటిలేటరు మీద ఉంది.

డాక్టరు బయటికి వచ్చి, ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా, చిన్నవయసులో హఠాత్తుగా ఎవరైనా పోయారా అని అడిగాడు. అల్లుడు నా వైపు చూశాడు. ఆ కుటుంబంలో పెద్దవాడిని నేనే. రిపోర్టు ఫొటో నా జేబులో ఉంది.

"నాయన వడదెబ్బకు పోయినాడు. ఇంకెవురికీ ఏం లేదు" అన్నాను.

ఇంతవరకు నేను చెప్పకుండా ఊరుకున్నాను, చిన్న చిన్న అబద్ధాలతో దాటేశాను. అక్కడ మాత్రం అక్కకు వైద్యం చేసే డాక్టరుకే అబద్ధమాడాను. నా కూతురు, నా భార్య ఒక గంటలో అక్కడికి వస్తారని, వాళ్ళ ముందు ఇదంతా బయటపడుతుందని ఆ క్షణంలో ఆలోచించాను. అక్క గురించి ఆలోచించలేదు.

వాళ్ళు మామూలు గుండెపోటు అనుకుని వైద్యం మొదలుపెట్టారు. రక్తనాళాల్లో అడ్డేమీ కనబడలేదు. రక్తపోటు పడిపోతుంటే గుండెను గట్టిగా కొట్టించే మందు ఎక్కించారు. అది ఇచ్చేకొద్దీ ఇంకా పడిపోయింది. మరునాడు పొద్దున పెద్ద డాక్టరు వచ్చి తానే స్కానింగు చేసి, గోడ మందమై రక్తం బయటికి పోయే దారిని మూస్తున్నదని కనిపెట్టాడు. ఇట్లాంటి గుండెను ఇంకా గట్టిగా కొట్టిస్తే ఆ దారి మరింత మూసుకుపోతుందట. ఆ మందు ఆపించి మా దగ్గరికి వచ్చాడు. ఇది సాధారణంగా వంశంలో వచ్చేదని, నిజంగానే ఎవరికీ లేదా అని అడిగాడు.

అప్పుడు ఫోను తీసి ఇచ్చాను. నాయన గురించీ చెప్పాను. సోమందేపల్లిలో బస్సు కదిలిపోతుంటే దాని వెనక పరుగెత్తి పది అడుగుల్లో పడిపోయాడు. పదకొండేళ్ళ నేను పక్కనే ఉన్నాను. పొద్దున ఏడు గంటలు, ఎండ ఇంకా ముదరలేదు. ఎండాకాలం కాబట్టి వడదెబ్బ అన్నారు. వడదెబ్బయితే ఇంటికి మచ్చ ఉండదు, ఆడపిల్లకు సంబంధాలు తప్పిపోవు. అందుకని అదే నిలిచిపోయింది.

"ఇది నిన్న చూపించి ఉంటే బాగుండేది" అన్నాడు డాక్టరు. కోప్పడలేదు. ఫోను తిరిగి ఇవ్వబోతే అల్లుడు చెయ్యి చాచి తీసుకున్నాడు. చాలాసేపు చూశాడు. అందులో ఇంగ్లీషు అతనికి పెద్దగా అర్థమయ్యేది కాదు. అతను చూస్తున్నది తేదీని.

"పద్నాలుగు నెలలాయ మామా" అన్నాడు. ఫోను నా చేతిలో పెట్టి వెళ్ళి అవతలి బెంచీ మీద కూర్చున్నాడు.

అక్క బతికింది. పన్నెండు రోజులకు ఇంటికి వచ్చింది. లయ తప్పితే లోపలినుంచే షాకు ఇచ్చే చిన్న యంత్రం ఆమె ఎడమ భుజం కింద అమర్చారు. ఐసీయూలో ఉండగా తీసిన రక్తంలో నాకున్న తప్పే, అదే అక్షరం, అదే చోట కనబడింది. మెదడుకు రక్తం సరిగా అందక కుడిచేతి వేళ్ళలో పట్టు తగ్గింది, తెగిన పట్టుపోగు ముడి వేయడం ఆమెకు చేతకావడం లేదు. కొన్ని మాటలు వెతుక్కుంటుంది. ఇందులో నా అబద్ధం వాటా ఎంత అని ఏ డాక్టరునూ అడగలేదు. అడిగితే చెప్పలేమంటారేమో. ఆ జవాబు విని ఊరట పొందే హక్కు నాకు లేదనిపించింది.

ఆమె కాస్త కోలుకున్నాక ధర్మవరం వెళ్ళి జరిగిందంతా నా నోటితో చెప్పాను. కొడుకు ముందే చెప్పి ఉన్నాడు. అయినా మొత్తం విన్నది.

"ముందే చెప్పింటే నేను పెళ్ళి ఆపుతానని భయపడినావా?"

"ఊ."

"ఆపేదాన్నే. ఆపి, ఇద్దరినీ చెరో పక్క కూచోబెట్టుకుని రక్తం తీయించేదాన్ని. ఆ పైన చేసేదాన్ని" అంది. "ఇంకా యాడ యాడ చెప్పేది ఉండాది? పో, చెప్పిరా పో" అంది.

చిన్నాయన పిల్లలు పెనుకొండలో ఉంటారు. ఉత్తరం పట్టుకుని వెళ్ళాను. మా నాయన వడదెబ్బకు పోలేదంటే చిన్నమ్మ నమ్మలేదు. మీ అమ్మ ఉండగా ఈ మాట అని ఉంటే చెప్పుతో కొట్టేది అంది. పెద్దవాడు మరుసటి వారమే పరీక్షకు వెళ్ళాడు. చిన్నవాడు తెలుసుకుని చేసేదేముందని ఉత్తరం తీసుకోలేదు. అతని వాకిట్లో నిలబడి నేను చేయగలిగింది ఏమీ కనబడలేదు. నేను కూడా అతని మాదిరే ఉన్నవాడిని.

నా కూతురు, అల్లుడు ఇద్దరూ పరీక్ష చేయించుకున్నారు. నా కూతురికి లేదు. అతనికి ఉంది. బెంగళూరులో ఆ అమ్మాయి ఇద్దరినీ కూర్చోబెట్టి, పెళ్ళికి అడ్డేమీ లేదని, పిల్లల విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు ఏమిటో వివరంగా చెప్పిందట. నా కూతురు తనకు అభ్యంతరం లేదని అక్కడే చెప్పింది. ఆ సంగతి భార్య ద్వారా తెలిసి, గండం గడిచిందనుకున్నాను.

ఒక ఆదివారం ఉదయం రైల్లో అల్లుడు హిందూపురం వచ్చాడు. మిద్దె మీద నా కూతురితో ఒక గంట మాట్లాడాడు. కిందికి వచ్చి కూర్చోకుండానే నాతో చెప్పాడు.

"జబ్బుకు నేను భయపడలేదు మామా. మాత్రలుండాయి, మిషనుండాది. రేపు మాకొక బిడ్డ పుడితే, ఆ బిడ్డ గురించి నీకేమన్నా తెలిస్తే, చెప్తావో చెప్పవో అని నీ మొగం చూస్తా బతకలేను. ఈ పెళ్ళి నాకొద్దు."

నా భార్య ఇచ్చిన మంచినీళ్ళు తాగి, ఆమెకు చెప్పి వెళ్ళిపోయాడు. నా కూతురు సాయంత్రం దాకా కిందికి రాలేదు. వచ్చాక, "ఆయప్ప అన్నదాంట్లో తప్పేముండాది నాయనా?" అని మాత్రం అంది. అది ప్రశ్న కాదని నాకు తెలుసు. ఆ తరువాత మా మధ్య అన్ని మాటలూ నడుస్తున్నాయి, ఇది తప్ప.

రెండు వారాలు ఆగి అక్కకు ఫోను చేశాను. మాత్రల గురించి మాట్లాడుకున్నాం. మగ్గం కొడుకే నేస్తున్నాడని, తను పక్కన కూర్చుని రంగులు చెబుతున్నానని అంది. నేను మాట మార్చబోయే లోపల ఆమే మొదలుపెట్టింది.

"నువ్వు నాకు తమ్ముడివి. అది యాడికీ పోదు. వానికి నువ్వు మామవు కావల్లా వద్దా అనేది వానిష్టం. దాంట్లో నేను రాను."

నేను ఫోను చేసింది అతనికి నచ్చజెప్పమని అడగడానికే. సరే అక్కా అన్నాను.