వెనక తలుపు దగ్గర బకెట్

దయ్యాలంటే నాకు నవ్వు. పెళ్ళికి ముందు కమాన్‌పూర్‌లో ఉన్నప్పుడు ఫోన్లో దయ్యాల కథలు చదువుకుంటూనే అన్నం తినేదాన్ని. ఈ మధ్య కూడా ఒక లావుపాటి కథల పుస్తకం చదివాను. అందులో అన్నీ అర్ధరాత్రే వస్తాయి. నాకు జరిగింది మాత్రం పట్టపగలు, ఎండ మండిపోతుండగా.

పోయిన ఎండాకాలం మేం గోదావరిఖనిలో ఒక పాత క్వార్టర్‌లోకి మారాం. మా ఆయన ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. ఏసీ క్యాబిన్‌లో కూర్చుంటాడు కాబట్టి ఎంత తెల్లగా వెళ్తాడో అంత తెల్లగా తిరిగొస్తాడు. బాయిలోకి, అంటే భూమి లోపలి గనిలోకి, దిగి నల్లగా వచ్చేవాళ్ళు మా లైన్లో ఇప్పుడెవరూ లేరు.

పక్క క్వార్టర్‌లో ఒక అవ్వ ఉండేది. ఆవిడ భర్త బాయిలో పనిచేసినాయన. వాళ్ళ కాలంలో మధ్యాహ్నం ఫస్టు షిఫ్టు విడిచే వేళకి ఆడవాళ్ళు వెనక తలుపు దగ్గర వేడినీళ్ళ బకెట్ పెట్టేవాళ్ళట. మసి ఒంటితో మగవాళ్ళు ముందు గడప తొక్కరు. వెనక నుంచి వచ్చి, కడుక్కున్నాకే ఇంట్లోకి.

ఇప్పుడంతా పాత పద్ధతులతో రీల్స్ తీస్తున్నారు కదా. రోట్లో పచ్చడి, కుండలో చారు. నాకూ సరదా పుట్టింది. ఆయన సెకండ్ షిఫ్టుకి పోయాక నీళ్ళు కాచి, బకెట్, సబ్బు వెనక తలుపు బయట పెట్టి వీడియో తీశాను. లోపల పాపకి పాలిచ్చి వచ్చేసరికి నీళ్ళు నల్లగా ఉన్నాయి. సబ్బు మీద మసి. పెరటి గేటు గడియ వేసినట్టే ఉంది.

పిల్లల పని అనుకుని అవ్వకి నవ్వుతూ చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

"ఎవలికోసం పెట్టినవ్ బిడ్డా?"

ఎవరికీ కాదు, ఊరికే పెట్టానన్నాను.

"నీళ్ళు ఊకనే పెడ్తరా? బాయిల దిగి మల్ల ఎక్కనోళ్ళు ఎంతమంది లేరు."

మర్నాడు మళ్ళీ పెట్టి, తలుపు సందులోంచి చూస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నం గనిలో పేల్చే బ్లాస్టింగ్‌కి ఎప్పటిలాగే ఇల్లు అదిరింది, గిన్నెలు గలగలమన్నాయి. అటు తల తిప్పి ఇటు చూసేలోగా నీళ్ళు నల్లబడ్డాయి.

ఆయనకి చెబితే కోప్పడ్డాడు. "ఏందే నీ లొల్లి? రేపటి సంది ఆ బకెట్ బంద్ చెయ్."

బంద్ చేశాను. వెనక తలుపు గడియ వేసి, ముందు గదిలో కూర్చున్నాను. బ్లాస్టింగ్ అయిన కాసేపటికి తడి బొగ్గు వాసన వచ్చింది. వంటింట్లోకి వెళ్ళి చూశాను. వెనక తలుపుకి వేసిన గడియ వేసినట్టే ఉంది. దాని లోపలి వైపు నుంచి పొయ్యి దాకా నల్లటి తడి పాదాలు. వెనక్కి తిరిగినవి లేవు. నేను కడిగి బోర్లించిన నీళ్ళు కాచే గిన్నె ఇప్పుడు పొయ్యి మీద ఉంది. ఆ పక్క గదిలోనే పాప ఊయల.

పాపని చంకనేసుకుని, పొయ్యి వెలిగించి నీళ్ళు కాచాను. బకెట్ బయట పెట్టి, ముందు తలుపులోంచి అవ్వ దగ్గరికి పరుగెత్తాను.

ఆయన వచ్చి ఆ పాదాలు చూశాడు. తెల్లారి నుంచి వేరే ఇల్లు వెతకడం మొదలుపెట్టాడు. దొరికే దాకా నేను రోజూ నీళ్ళు పెట్టాను. మళ్ళీ ఏదీ లోపలికి రాలేదు.

ఇప్పుడు రామగుండంలో, మూడో అంతస్తులో ఉంటున్నాం. గీజర్ ఉంది, బ్లాస్టింగ్ వినిపించదు. అదంతా ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. చదువుకున్న వాళ్ళెవరైనా చెబితే వింటాను.

నిన్న మధ్యాహ్నం, సరిగ్గా షిఫ్టు విడిచే వేళకి, తడి బొగ్గు వాసన వచ్చింది. గబగబా నీళ్ళు కాచాను. బకెట్ నింపి పట్టుకుని నిలబడిపోయాను.

ఎక్కడ పెట్టాలి? ఈ ఇంటికి వెనక తలుపు లేదు.