రోడ్డు పక్క రూబార్బ్ దుబ్బు

మా టూరు బస్సులో మైకు పట్టుకునే ఎర్నెస్టీన్ ఫేయాన్‌కి డెబ్బై దాటాయి. మా హాలో క్రీక్ ఊళ్ళో పిల్లా పెద్దా అందరూ ఆమెను ఆంటీ అనే పిలుస్తారు. గడ్డం నెరిసిన నేను కూడా అంతే. బస్సు పంచాయతీది, నేను దాని డ్రైవర్ని. ఎండాకాలమంతా పొద్దున ఒక ట్రిప్పు, మధ్యాహ్నం ఒక ట్రిప్పు. ఆంటీ మాట్లాడుతుంది, నేను నోరు మూసుకుని తోలుతాను. నోరు మూసుకోవడం నాకు బొత్తిగా చేతకాదు కాబట్టి మా ఇద్దరిలో ఎక్కువ కష్టం నాదేనని ఆమె వెక్కిరిస్తుంది.

కెనడా గడ్డిమైదానాల్లో ఉన్న మా సాస్కచ్వాన్‌కి పనిగట్టుకుని వచ్చేవాళ్ళు తక్కువ. పడమటి కొండలకు పోతూ పోతూ మా దగ్గర ఆగుతారు. బస్సు దిగి, నాలుగు దిక్కులా ఉన్న గడ్డిని చూసి, ఇక్కడ చూడ్డానికేముందని అడుగుతారు. నాకైతే ఒళ్ళు మండుతుంది. ఆంటీ మాత్రం నవ్వి పని మొదలుపెడుతుంది. రైలు పట్టాల పక్కన ఎత్తయిన చెక్క ధాన్యాగారం, రాతి చర్చి, కంచెలో మేసే బైసన్ల మంద, గుట్ట మీద ఒకప్పుడు క్రీ ఆదివాసులు గుడారాల చుట్టూ పేర్చుకున్న రాళ్ళ వలయాలు, చివరికి లోయ అంచున నది వంపులన్నీ కనబడే గట్టు. ప్రతిచోటా ఏళ్ళ తరబడి అవే మాటలు, అదే నవ్వు. బైసన్లు కరుస్తాయా అని రోజుకొకరైనా అడుగుతారు. దానికి జవాబు కూడా మారదు.

ఆఖరి మనిషి దిగిపోగానే ఆంటీ బూట్లు విప్పేసి, ముందు సీట్లో కాళ్ళు బారజాపుకుంటుంది. కాళ్ళు లాగుతున్నాయా అని అడిగితే, "కాళ్ళు కాదురా, నోరు" అంటుంది.

గట్టుకు కాస్త ముందు మట్టిరోడ్డు పక్క పల్లంలో ఒక రూబార్బ్ దుబ్బు ఉండేది. చేటలంత ఆకులు, బొటనవేలి లావు ఎర్రటి కాడలు, నోరు జివ్వుమనే పులుపు. రోడ్ల పక్క గడ్డి కోసే డ్వేన్ అక్కడికి రాగానే ట్రాక్టరు బ్లేడు పైకెత్తి, దాన్ని దాటాక మళ్ళీ దించేవాడు. దాన్ని కోయొద్దని ఏటా ఆంటీ అతనికి ఆ కాడలు కూరిన తీపి రొట్టె, పై అంటారు, చేసిపెట్టి మరీ చెప్పుకునేది. ఆ చోటు దాటేటప్పుడు ఆమె మైకు ఒళ్ళో పెట్టుకునేది. గొంతుకు విశ్రాంతి ఇస్తోందనుకునేవాణ్ణి.

ఒక ఏడాది జూన్‌లో ఆ పల్లంలో నారింజ రంగు రిబ్బన్లు కట్టిన కొయ్య మేకులు లేచాయి. గట్టు చూడటానికి వచ్చేవాళ్ళ కార్లు రోడ్డు మీదే ఆగుతున్నాయి కనుక, చలికాలంలోపు అక్కడ మట్టి పోసి, కంకర పరిచి పార్కింగు కడతారని పంచాయతీ ఆఫీసులో విన్నాను. ఇక నా ప్రాణానికి సుఖం అనుకుంటూ, ఖాళీ బస్సులో తిరిగొస్తూ ఆ కబురు ఆంటీకి చెప్పాను. ఆమె బస్సు ఆపమంది. నా భుజం పట్టుకుని పల్లంలోకి దిగి, దుబ్బు పక్కన నిలబడి, అది వాళ్ళమ్మ నాటిన మొక్క అని చెప్పింది.

ఆంటీ వాళ్ళు మేటీలు. ఫ్రెంచి నెత్తురూ క్రీ నెత్తురూ కలిసిన జనం. భూములు పంచిన కాలంలో వాళ్ళ చేతికి ఏమీ రాలేదు. రోడ్ల కోసమని సర్కారు వదిలేసిన సన్నటి నేల పట్టీల మీద చెక్క ఇళ్ళు కట్టుకుని, రైతుల పొలాల్లో రాళ్ళు ఏరి బతికేవాళ్ళు. మా తాత పొలంలో రాళ్ళు ఏరింది ఆంటీ వాళ్ళ నాన్నేనట. ఆ పల్లం ఒడ్డున వాళ్ళవి నాలుగైదు ఇళ్ళుండేవి. ఆమెకు ఏడేళ్ళప్పుడు, అంతా కలిసి లోయలోకి బెర్రీ పళ్ళు కోసుకోవడానికి పోయారు. సాయంత్రం తిరిగొచ్చేసరికి ఇళ్ళు లేవు, పొగ ఉంది. ఖాళీ చేయమని అంతకుముందే చెప్పాం కదా అన్నారు అప్పటి పంచాయతీ వాళ్ళు. మరుసటి వసంతంలో అక్కడ తిరిగి లేచింది గుమ్మం పక్కనున్న రూబార్బ్ ఒక్కటే.

ఇన్నేళ్ళూ పక్కనే కూర్చుని ఒక్క ముక్క చెప్పలేదేమని నిష్టూరమాడాను.

"ఎవరడిగారురా?" అంది.

మర్నాడే ఆమెను వెంటబెట్టుకుని పంచాయతీ ప్రెసిడెంటు లోర్న్ టీడ్‌మన్ దగ్గరికి పోయాను, తగువు పెట్టుకుందామనే. లోర్న్‌తో వచ్చిన చిక్కేమిటంటే మంచివాడు, తిట్టడానికి సందివ్వడు. ఆ ఇళ్ళ సంగతి తనకు తెలియదన్నాడు. నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత ఆ కళ్ళు మెరిశాయి.

"ఆంటీ, ఇది జనానికి తెలియాలి. పార్కింగు రోడ్డుకి అవతల వేయిద్దాం. ఇక్కడ బోర్డు పెడదాం. నువ్వు ప్రతి ట్రిప్పులో బస్సు ఆపించి చెప్పు. నీలాగా ఎవరు చెప్పగలరు?"

అవతలివైపు నేల మెత్తన, పని పెరుగుతుంది. ఊరికే ఒక మొక్క కోసం అంటే సభ్యులు ఒప్పుకోరు, టూరులో ఒక మజిలీ అంటే ఒప్పుకుంటారు. అదీ అతని లెక్క. గెలిచామనుకుని నేను పొంగిపోయాను. ఆంటీ సరేనంది గాని, దారంతా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

సోమవారం పొద్దున మొదటిసారి అక్కడ బస్సు ఆపాను. ఆంటీ పల్లంలో నిలబడి చెప్పింది. ఎప్పటి మైకు గొంతు కాదది, తడబడే గొంతు. గాలికి సగం మాటలు కొట్టుకుపోతే, వెనకనున్న ఒకాయన మొదటినుంచి మళ్ళీ గట్టిగా చెప్పమన్నాడు. ఆమె మళ్ళీ చెప్పింది. పొగ దగ్గరికి వచ్చేసరికి ఒకావిడ ఏడ్చి, ఆంటీని వాటేసుకుని, తర్వాత ఫోటో దిగింది. ఇంకొకరు ఇంటికప్పు గడ్డిదా చెక్కదా అని అడిగారు. ఒక జంట చెరో కాడ విరుచుకుని, కొరికి, మొహాలు చిట్లించి నవ్వుకుని, మిగిలింది గడ్డిలోకి విసిరేశారు. నేను స్టీరింగు పట్టుకుని పళ్ళు కొరుక్కున్నాను. మధ్యాహ్నం ట్రిప్పులో మళ్ళీ అంతా జరిగింది. ఈసారి తడబడలేదు.

సాయంత్రం బస్సు ఖాళీ అయినా ఆంటీ బూట్లు విప్పలేదు. ఏమైందని అడిగాను.

"మధ్యాహ్నం పొగ దగ్గర కాస్త ఆగాను, చూశావా?"

చూశానన్నాను. చాలా బాగా చెప్పిందని కూడా అన్నాను.

"పొద్దున ఆవిడ అక్కడే ఏడ్చింది. అందుకని ఆగాను." చేతుల్లోకి చూసుకుంటూ అంది. "మా ఇల్లు ఒక్కసారే కాలిందిరా. రోజుకి రెండుసార్లు నేను కాల్చలేను."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం కాబట్టి ఆమె మీదే చూపించాను. చెప్పకపోతే ఆ దుబ్బు మీద కంకర పోస్తారు, మిగిలిన ఆ ఒక్కటీ చేతులారా పోగొట్టుకుంటావా అని అరిచాను. పోస్తే పోయనీ అంది. ఇంకా ఏదేదో అన్నాను. అంత అలసిపోయిన మనిషితో పోట్లాడటం కూడా కుదరదు. నాకూ నీరసం వచ్చి ఊరుకున్నాను.

ఆంటీ ఇక చెప్పనందని తెలిసి లోర్న్ ఆమె ఇంటికి వచ్చి మరీ బతిమాలాడు. కావాలంటే ఆమె గొంతు ఒక్కసారి రికార్డు చేసి బస్సులో వినిపిస్తామన్నాడు. ఇంకెవరైనా పిల్లకు నేర్పి చెప్పిద్దామన్నాడు. ఆంటీ అతనికి కాఫీ ఇచ్చింది, పై పెట్టింది, వద్దంది. పార్కింగు మేకులు పాత చోటనే ఉండిపోయాయి.

మొదటి మంచుకు ఆకులు వాలిపోయాక, కంకర లారీలు రాకముందు, ఒక ఆదివారం ఇద్దరం పార పట్టుకుని పోయాం. పైకి గుప్పెడు కాడలుగాని, కింద వేరు దూడ తలకాయంత ఉంది. తవ్వేసరికి నా నడుం పడిపోయింది. దాన్ని పారతో ముక్కలు చేయమంది. వాళ్ళమ్మ మొక్క మీద వేటు వేయడానికి నాకు చేయి రాలేదు. పార లాక్కుని ఆమే నరికింది, ఒక్కో ముక్కకు ఒక్కో మొగ్గ ఉండేలా చూసుకుని. ఒకటి తన పెరటికి. రెండు రెజైనా పట్నంలో ఉన్న చెల్లెళ్ళకి. ఇంకొన్ని అప్పట్లో పక్క ఇళ్ళవాళ్ళ పిల్లలకి, వాళ్ళూ ఇప్పుడు ముసలివాళ్ళే. అన్నీ తడిగుడ్డల్లో చుట్టాక, మిగిలిన ముక్క నా చేతిలో పెట్టింది.

నాకెందుకని అడిగాను. సిగ్గేసింది కూడా. మా వాళ్ళకు పొలం దక్కింది, వాళ్ళకు రోడ్డు పక్క కూడా దక్కలేదు.

"మీ తాత పొలంలో రాళ్ళు లేవుగా," అంది. "వేరు బాగా దిగుతుంది."

వంటింటి గుమ్మం పక్కన పాతాను. వసంతంలో మొలిచింది. మొదటి ఏడు కాడలు కోయకూడదని ఆంటీ గట్టిగా చెప్పింది కాబట్టి కోయలేదు.

ఇప్పుడు బస్సు కంకర మీదే ఆపుతున్నాను. ఆంటీ మైకు తీసుకుని, అందరూ గట్టు చూసి రండి, ఇక్కడ కాసేపు ఆగుతాం అంటుంది. ఎవరో ఒకరు దిగుతూ దిగుతూ, పార్కింగు రాకముందు ఇక్కడేముండేదని అడుగుతారు.

గడ్డి అంటుంది ఆంటీ. నేను నోరు మూసుకుని కూర్చుంటాను.