పెనుకొండ గోలీ అడిగిన మాట

ఈ మాటను గొంతులో పెట్టుకుని ఎన్నో ఏళ్ళుగా బతుకుతున్నాను. మింగుడు పడదు, కక్కలేను. నా భార్యకు చెప్పలేదు. నాతో ఆడినవాళ్ళకు చెప్పలేదు. గుడికి పోయినప్పుడు కూడా చెప్పుకోలేదు. దేవుడికెలాగూ తెలుసు కదా అని తప్పించుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. నా పేరు మాత్రం అడగకండి. మోసి మోసి అలసిపోయాను, అంతే.

నాది ధర్మవరం. మగ్గాల ఇల్లు. మా నాయన ఎంత నేర్పినా నాకు నేత రాలేదు. "వీని కాళ్ళు మగ్గానికి పనికిరావు, బంతి తన్నేదానికే పుట్టినాడు" అని ఆయన తిట్టేవాడు. ఆ తిట్టే నా బతుకయింది. నేను స్టాపర్ బ్యాక్‌ని. అంటే గోలీకి, అదే గోల్‌కీపరుకు, ముందు నిలబడి, మీదికొచ్చిన బంతిని వచ్చినట్టే బయటికి తన్నేవాడిని. గోలు కొట్టినవాడి పేరు ఊరంతా చెప్పుకుంటారు. ఆపినవాడి పేరు ఎవడికి కావాలి? ఆ ఉక్రోషం నాకు మొదటినుంచీ ఉంది.

నాతో ఆడిన మస్తాన్‌ది పెనుకొండ. గోలీ. డెబ్బైలలో హిందూపురంలో ఒక టోర్నమెంటులో ఇద్దరం ఒకే జట్టుకు ఆడాం. అక్కడ మమ్మల్ని చూసి బెంగళూరులోని ఒక ఫ్యాక్టరీ జట్టు మేనేజరు ఇద్దరినీ తీసుకుపోయాడు. పేరుకు ఫ్యాక్టరీ ఉద్యోగం, చేసేది ఫుట్‌బాల్ ఆడటమే. ఇద్దరమూ టెంపరరీ. ఏడాది బాగా ఆడితే పర్మినెంట్, లేకపోతే ఇంటికే అన్నారు. ఒకే గదిలో ఉండేవాళ్ళం. అతను వండితే నేను గిన్నెలు కడిగేవాడిని. రాగి సంగటి అతను చేసినట్టు మా అవ్వ కూడా చేయలేదు, నిజం.

ఆ ఏడాది పేపర్లో మస్తాన్ పేరు రెండుసార్లు వచ్చింది. నా పేరు ఒక్కసారీ రాలేదు. ఆ ముక్కలు కత్తిరించి గది గోడకు అంటించింది నేనే. సంతోషంగానే అంటించాను. లోపల కుళ్ళుతూ కూడా అంటించాను.

ఏడాది చివర ఫైనలు. రాష్ట్ర జట్టు సెలెక్టర్లు వచ్చి కూర్చున్నారు. ఆట ముగియబోతుండగా, చెరొక గోలుతో సమానంగా ఉన్నప్పుడు, పక్కనుంచి ఒక బంతి గాల్లో లేచి మా గోలు ముందుకు వచ్చింది. మా ఆటలో ఒక కట్టుబాటు ఉంది. గోలీ "నాది" అని కేకేస్తే ఆ బంతి గోలీదే. బ్యాక్ ఎంతటివాడైనా తప్పుకోవాలి. మస్తాన్ కేకేశాడు. నేను విన్నాను. ముందుకు ఉరికొస్తున్న అతని బూట్ల చప్పుడు కూడా విన్నాను. అయినా ఎగిరాను. ఎందుకెగిరాను? సెలెక్టర్లు చూస్తున్నారని. ఈ ఒక్క బంతి నేను ఆపితే రేపు పేపర్లో నా పేరుంటుందని. ఇన్నేళ్ళుగా ఇంతకన్నా మర్యాదైన కారణం ఏదైనా ఉందేమోనని వెతుకుతూనే ఉన్నాను, దొరకలేదు. బంతి నా తలకు తగిలి, మస్తాన్ చాచిన చేతులు దాటి, మా గోలులోకే పోయింది. ఓడిపోయాం.

బట్టలు మార్చుకునే గదిలో మేనేజరు నన్ను అడిగాడు, గోలీ పిలిచాడా లేదా అని. లేదన్నాను. మస్తాన్ దిగ్గున లేచి, పిలిచాను సార్, గట్టిగా పిలిచాను అన్నాడు. జనం గోలలో మిగతావాళ్ళెవరికీ వినబడలేదు. మేనేజరు మళ్ళీ నా వైపు చూశాడు. నేను తలెత్తకుండా బూటు లేసు విప్పుకుంటూ ఉండిపోయాను.

నన్ను పర్మినెంట్ చేశారు. మస్తాన్ ట్రంకుపెట్టె తీసుకుని పెనుకొండ బస్సెక్కాడు. నోరు లేని గోలీ అని పేరు పడిపోయింది, ఇంకే జట్టూ తీసుకోలేదు. ఊళ్ళో సైకిల్ షాపు పెట్టుకున్నాడని విన్నాను. నేను ఎనిమిదేళ్ళు ఆడాను. పేపర్లో పేరు కూడా వచ్చింది. ఆ ముక్క కత్తిరించబుద్ధి కాలేదు. చివరికి మోకాలు పోయాక కోచింగ్ చదువు చదివి, హిందూపురంలో ఒక కాలేజీకి కోచ్‌గా వచ్చాను. అక్కడ పిల్లలకు నేను మొదటిరోజే నేర్పేది ఒక్కటే, గోలీ పిలిస్తే తప్పుకోవడం. దానిమీద నా అరుపులు ఎంత ఎక్కువంటే, వాళ్ళు నా వెనక నన్ను వెక్కిరించేవాళ్ళు. సిగ్గులేని జన్మ కాకపోతే, ఆ పాఠం చెప్పడానికి నేనా దొరికింది?

ఒకసారి మా జట్టు మ్యాచి పెనుకొండలో పడింది. మధ్యాహ్నం ఎండలో మైదానం గీత పక్కన నిలబడి, "గోలీ కేకేస్తే వదిలెయ్యండ్రా!" అని అరుస్తున్నాను. వెనకనుంచి ఎవరో నవ్వారు. మస్తాన్. జుట్టు తెల్లబడింది. చేతులకు సైకిల్ చైను గ్రీజు.

"ఏమప్పా, బాగుండావా? నీ గొంతు రోడ్డు మీదికి వినపడ్తాంటే వచ్చినా," అన్నాడు. కాసేపు ఆట చూశాడు. తర్వాత మెల్లగా, "ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. ఆ పొద్దు నేను పిలిచినానా, లేదా?" అన్నాడు.

నేను మైదానం వైపు తిరిగి, పిల్లల ఆట చూస్తున్నట్టు నటించాను.

"పిలిచినాననే అనుకుంటాంటి మొదట్లో. అందరూ పిలవలేదు, పిలవలేదు అంటాంటే నాకే అనుమానమొచ్చె. నా ఇంటామె కూడా, పిలిచింటే ఆయనెందుకు లేదంటాడు, నీతో ఒక తట్టలో తిన్నోడు గదా అంటాది. పక్కన ఉన్నోనివి నువ్వే. నువ్వే చెప్పల్ల."

చెప్పేస్తే నాకు పోయేదేమిటి? ఉద్యోగం పోదు. ఆ మేనేజరు ఎప్పుడో చనిపోయాడు. పది అడుగుల దూరంలో నన్ను సార్ అని పిలిచే పిల్లలున్నారు, అంతే. ఆ ఒక్క పిలుపు కోసం ఒక మనిషిని రెండోసారి ముంచాను.

"లేదప్పా. నువ్వు పిలవలేదు," అన్నాను.

మస్తాన్ గట్టిగా ఊపిరి వదిలాడు. "అట్లనా! నిమ్మళమాయె పో. ఇన్నేండ్లు నిన్నే అనుకుంటాంటి. మనసులో తిట్టుకున్యా గూడా. పాపం మూటగట్టుకుంటి. మన్నించప్పా," అని నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

నేనేమన్నానో తెలుసా? "పోనీలే మస్తాన్," అన్నాను. మన్నించాను! నేను అతన్ని!

ఆట అయిపోయాక పిల్లలందరికీ సోడాలు తెప్పించాడు, వద్దన్నా వినలేదు. పోతూ పోతూ మా గోలీ కుర్రాడి భుజం మీద చెయ్యేసి, "నోరు తెరిచి గట్టిగా పిలువు నాయనా. నా మాదిరి మూసుకోవద్దు. నా వల్ల ఒక ఫైనలే పాయె," అన్నాడు. ఆ కుర్రాడు సరేనని తలూపాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

మస్తాన్ ఇప్పటికీ పెనుకొండలోనే ఉన్నాడు. ధర్మవరం పోయేటప్పుడు బస్సు అతని షాపు ముందే ఆగుతుంది. దిగాలనుకుంటాను. అతనికి దక్కిన ఆ కాస్త నిమ్మళాన్ని ఇప్పుడు మళ్ళీ పాడుచేయడమెందుకని నాకు నేనే సర్దిచెప్పుకుంటాను. అది జాలి కాదు, పిరికితనమే. నాకు తెలుసు.

మీరు నన్ను మన్నించవద్దు. అది మీ చేతిలో లేదు. చేతిలో ఉన్నవాడు నా చేతులే పట్టుకుని మన్నించమన్నాడు, ఇక ఎవరినని అడగను? ఈ ఒక్క ముక్క మాత్రం ఎక్కడో ఒకచోట నా చేత్తో రాసి ఉండాలి. మస్తాన్ పిలిచాడు. ఒకసారి కాదు, రెండుసార్లు పిలిచాడు.