పడమటి ఉయ్యాల పాటలు

మొన్నామధ్య తిరుపతి నుంచి చిత్తూరుకు కారులో వస్తూ, దారిలో భోజనానికి ఒక హోటల్లో ఆగాము. వంటకాల పేర్లన్నీ ఇంగ్లీషులోనే అచ్చువేసిన అట్ట ఒకటి ముందు పెట్టారు. నేను కళ్ళజోడు కారులోనే మరిచిపోయానని, మా చిన్న మనవడు తన ఫోనును ఆ అట్ట మీద పట్టి, అది తెలుగులోకి మార్చి చూపించినదంతా పైకి చదవసాగాడు. కంట్రీ చికెన్ దగ్గరికి వచ్చేసరికి "దేశపు కోడి పులుసు" అన్నాడు. ఏ దేశపు కోడి నాయనా అని అడిగితే వాడికీ తెలియలేదు. నాకు మాత్రం విస్తట్లో అన్నం పడేదాకా నవ్వు ఆగలేదు, మా చిన్నాయన గుర్తొచ్చాడు మరి. ఆయనే బతికి ఉంటే ఆ ఫోనుతో పోట్లాట పెట్టుకునేవాడు. కంట్రీ అంటే నాటు అని, అందులో సందేహానికి చోటే లేదని, నలభై ఏళ్ళ పైమాటే, ఆయన అచ్చువేయించి మరీ చిత్తూరంతా పంచిపెట్టాడు.

అవి డెబ్బైల చివరి ఏళ్ళు. నాయనకు చిత్తూరులో బెల్లం మండీ ఉండేది. నేను టైపు పరీక్షలు పాసై ఊరి చివర మిషన్ ఆసుపత్రి ఆఫీసులో టైపిస్టుగా చేరాను. ఆడపిల్ల ఉద్యోగం చేయడమేమిటని గొణిగిన వాళ్ళు ఉన్నా, సంబంధం కుదిరేదాకానే కదా అని నాయన సర్దిచెప్పేవాడు. ఆ సంబంధం కూడా త్వరలోనే కుదిరింది, కార్వేటినగరం వాళ్ళది. లగ్నం పెట్టుకున్న రోజు నుంచీ ఇంట్లో అందరికీ నగల మీద, చీరల మీద ధ్యాస ఉంటే, నా ధ్యాస మాత్రం ఒక్క విషయం మీదే ఉండేది. నా పెళ్ళిలో ఉయ్యాల దగ్గర మా అత్త పాడాలి.

అత్త అంటే నాయనకు అక్క. పుంగనూరు వైపు ఇచ్చారు. మా జిల్లాలో ఆ మెట్ట తాలూకాలన్నిటినీ కలిపి పడమటి సీమ అంటారు, అక్కడివాళ్ళను పడమటోళ్ళు అంటారు. అరవదేశం పొరుగునే ఉన్నాము కాబట్టి మా పెళ్ళిళ్ళలో వధూవరులను ఉయ్యాలలో కూర్చోబెట్టి ఊపుతూ ఆడవాళ్ళు పాటలు పాడే ఆనవాయితీ ఉంది. అత్తవారి ఊళ్ళో ఆ పాటలన్నీ నేర్చుకున్న మా అత్త లేకుండా ఆ చుట్టుపక్కల ఏ ఉయ్యాలా ఊగేది కాదట. తరువాత మా మామ పాముకాటుకు పోయాడు. అత్త పుట్టింటికి వచ్చేసింది, నన్ను ఎత్తుకుని పెంచింది. కానీ నేను ఆమె నోట పాట వినలేదు. పెళ్ళిళ్ళలో ఆమె చోటు వంటసాల. పొత్రం తిప్పుతూ మూసిన పెదవుల వెనక ఏదో రాగం తీసేది, నేను దగ్గరికి పోతే ఆపేసేది. ఆ కట్టుబాటు చేసింది ఎవరో పరాయివాళ్ళు కారు, ఆమెను కన్నతల్లి, మా అవ్వ. ముత్తైదువలు పాడాల్సిన చోట ముండమోసినామె నోరు విప్పితే కొత్త జంటకు కీడని అవ్వ గట్టి నమ్మకం. నేను రెండుసార్లు అడిగి చూశాను. "నీ మేలుకే చెప్తా ఉండా పాపా" అని ఒక్కమాటతో తేల్చేసింది. అవ్వ మీద నాకు అప్పుడు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఇదిలా ఉండగా మా ఆసుపత్రి పెద్ద డాక్టరు దొరను చూడడానికి అమెరికా నుంచి ఆయన తమ్ముడు, ఆ తమ్ముడి స్నేహితులు నలుగురు వచ్చారు. వాళ్ళు తమ ఊళ్ళో పశువుల దొడ్లు నడుపుకుంటూ, వారాంతాల్లో పాటకచేరీలు చేసే మేళం. ఆసుపత్రి వార్షికోత్సవం నాటి రాత్రి వాళ్ళ చేత ఒక కచేరి పెట్టించాలని దొర అనుకున్నాడు. కరపత్రం ఇంగ్లీషులో రాసి, తెలుగు చేయించుకు రమ్మని నా చేతికిచ్చాడు. తెలుగు చేయడమంటే మా ఇంట్లో చిన్నాయనే. హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టరు, కోర్టు కాగితాల నుంచి కుట్టుమిషను గ్యారంటీ కార్డు దాకా వీధిలో ఎవరికి ఏది కావాలన్నా ఆయనే చేసిపెట్టేవాడు, చేసినదాన్ని ఒక్క అక్షరం మార్చనిచ్చేవాడు కాదు.

ఆ కాగితంలో ఉన్నది కంట్రీ అండ్ వెస్టర్న్ స్వింగ్ సంగీతం, అమెరికా పల్లెల్లో పాడుకునే ఒక రకం పాటలకు అది పేరట. చిన్నాయన ముక్కుపొడుం పీల్చి, నిఘంటువు తిరగేసి, నాకు పాఠం చెబుతున్నట్టే చెప్పాడు. కంట్రీ కోడి అంటే నాటుకోడి, కంట్రీ ఇటుక అంటే నాటు ఇటుక, కాబట్టి ఇవి నాటు పాటలు. వెస్టర్న్ అంటే పడమటి. స్వింగ్ అంటే ఉయ్యాల, అది ఒకటో ఫారం పిల్లలకూ తెలుసు. అలా గులాబిరంగు కాగితం మీద పెద్దక్షరాలతో 'నాటు పాటలు, పడమటి ఉయ్యాల పాటలు' అని అచ్చయింది. అమెరికావాళ్ళు అన్న ముక్క కింద ఎక్కడో చీమతలకాయలంత అక్షరాల్లో పడింది. జట్కాకు మైకు కట్టుకుని ఊరంతా తిరిగినవాడు ఆ ముక్క చదవనే లేదు.

జట్కా మా వీధిలోకి వచ్చినప్పుడు అత్త వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. పడమటి ఉయ్యాల పాటలన్న మాట చెవిన పడగానే చేయి ఆగిపోయింది. జట్కా మలుపు తిరిగేదాకా విని, లోపలికి వచ్చి, "మా పడమటి పక్కనోళ్ళు ఎవురో వచ్చినట్టుండారు, పోయి సూసొస్తాం" అని అమ్మతో అంది. తనకు ఫలానాది కావాలని అత్త నోరు తెరిచి అడగడం మా ఇంట్లో ఎవరూ ఎరగరు. పెళ్ళి పాటలే కానీ పెళ్ళి కాదు కదా, వింటే తప్పేముందని అవ్వ కూడా బయల్దేరింది. నేను అసలు సంగతి చెప్పబోయాను కానీ, అత్త ముఖం చూసి నోరు రాలేదు. పైగా, పడమటి పాటలు వస్తాయన్న ఆశతో పోయిన మనిషి దొరల పాటలు విని ఏమంటుందో చూడాలన్న కుతూహలం కూడా నాకు లేకపోలేదు.

ఆ రాత్రి ఆసుపత్రి మైదానం నిండిపోయింది. మామూలుగా ఆసుపత్రి వేడుకలకు తొంగిచూడని ఇల్లాళ్ళంతా ఉయ్యాల పాటలని పిల్లాజెల్లాతో వచ్చి జంఖానాల మీద కూర్చున్నారు. నాయన మండీ హమాలీలు నాటు అన్న మాట విని ఇంకేదో కూడా దొరుకుతుందన్న ఆశతో వచ్చారు. తెర లేచేసరికి వెడల్పాటి టోపీలు, పిక్కల దాకా బూట్లు వేసుకున్న ఐదుగురు దొరలు వరసగా నిలబడి ఉన్నారు. "పడమటోళ్ళంటే ఇంత పడమటోళ్ళా అబ్బా" అని వెనక నుంచి ఒక హమాలీ అన్నాడు. చిన్నాయన గోడవార నిలబడి తన కరపత్రాన్ని ఇంకెవరో రాసినట్టు శ్రద్ధగా చదువుకున్నాడు.

లేచి వెళ్ళిపోదామని కొందరు కదిలారు గానీ, ఇంతలో ఫిడేలు మొదలైంది. మన విద్వాంసులు నేలన కూర్చుని ఫిడేలును కాలి వైపు వాల్చి వాయిస్తారు కదా, ఈ దొర నిలబడి, దాన్ని గడ్డం కింద ఇరికించి, బూటుతో తాళం వేస్తూ వాయించాడు. ఇంకొకాయన తీగల పలకను వీణలా ఒళ్ళో పెట్టుకుని దాని మీద ఇనుప కడ్డీ జరుపుతుంటే ఆ స్వరం జారి జారి ఏడ్చినట్టు వచ్చేది. మనిషి కంటే ఎత్తున్న ఒక ఫిడేలును ఇంకొకాయన నిలబెట్టి వేళ్ళతో గుంజుతుంటే, అది ఫిడేలా బీరువానా అని మా పక్కన చర్చ జరిగింది. ప్రతి పాటకూ ముందు మా డాక్టరు దొర తనకు వచ్చిన ఆసుపత్రి తెలుగులో అర్థం చెప్పేవాడు. "ఈ మనిషి భార్య రైలులో వెళ్ళిపోయింది. ఇతనికి చాలా నొప్పి ఉంది" అంటే, యాడ నొప్పని ఎవరో అడిగారు. ఇంకో పాటకు, "వాన లేదు. బావి ఎండింది. ఆవులు చనిపోయినవి. వీరు ఊరు విడిచారు" అన్నాడు. ఆ పాట నడుస్తున్నంతసేపూ మైదానంలో ఎవరూ నవ్వలేదు. అత్త నా చేయి పట్టుకుని, "వాళ్ళకీ వానల్లేవా పాపా" అని అడిగింది. అమెరికాలో కరువు ఉంటుందని ఆ క్షణం దాకా నాకూ తెలియదు. ఆమె వేళ్ళు నా చేతి మీద తాళం వేయడం అప్పుడే గమనించాను.

కచేరి సగమయ్యాక పక్కింటి పిన్ని ఉండబట్టలేక, ఉయ్యాల పాటలు ఎప్పుడని దొరసానిని అడిగేసింది. దొరసాని దొరను అడిగింది, దొర కరపత్రం తెప్పించుకుని చదివాడు, చదివి పడీపడీ నవ్వి తమ్ముడికి చెప్పాడు. తమ్ముడు నవ్వలేదు. టోపీ తీసి ఏదో అడిగాడు. ఆ ఉయ్యాల పాట ఎలా ఉంటుందో వినాలని ఉందట, తెలిసినవారు ఎవరైనా ఉన్నారా అని దొర మైకులో అడిగాడు. మా వీధి ఆడవాళ్ళందరి చూపులూ ఒక్కసారిగా అత్త వైపు తిరిగాయి. అత్త అవ్వ వైపు చూసింది. అవ్వ తాంబూలం నములుతూ వేదిక వైపే చూస్తూ, "ఈడ పెండ్లి లేదు, పీటల్లేవు. ఎవురికేం కీడు? పాడు మే" అంది.

అత్త లేవలేదు. కూర్చున్న చోటికే మైకు తెచ్చారు. మొదట గొంతు జీరపోయింది, దగ్గింది, మళ్ళీ ఎత్తుకుంది. పెళ్ళికూతురి తరపువాళ్ళు పెళ్ళికొడుకును ఆటపట్టించే పాట అది. మీ ఊరి బావికి తాడెంత పొడుగు, ఒక బిందె నీళ్ళు చేదేలోగా మా పిల్ల ముసలిదైపోదు కదా అని అడుగుతుంది. రెండో చరణానికి ఫిడేలు దొర మెల్లగా ఆమె వెంట వచ్చాడు, ఇనుప కడ్డీ ఆయన కూడా కలిశాడు, పెద్ద ఫిడేలు అడుగు నుంచి ఊపు అందుకుంది. ఆ ఊపు మన ఉయ్యాల ఊపు కంటే కొంచెం తూలుడుగా ఉంటే అత్త ఒక్క క్షణం ఆగి, చిన్నగా నవ్వి, తానే దానికి సర్దుకుంది. చివర పెళ్ళికొడుకు చెప్పే జవాబు వచ్చేసరికి ఆడవాళ్ళంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. నన్ను పెంచిన మనిషి గొంతెత్తి పాడగా నేను మొదటిసారి విన్నది అప్పుడే. ఏడ్చేశాను. చూసినవాళ్ళు ఏమనుకున్నా అనుకోనీ అనుకున్నాను.

ఇక నా పెళ్ళిలో అడ్డు ఉండదనుకున్నాను. అవ్వ మాత్రం "అది కచేరి, ఇది పెండ్లి" అని పాత పాటే పాడింది. పెళ్ళినాడు ఉయ్యాలలో కూర్చుని నేను మూతి ముడుచుకున్నాను. మా పిన్నులు ఏదో ఎత్తుకుని మధ్యలో తప్పిపోయారు. అప్పుడు మా అత్తగారే, అంటే పెళ్ళికొడుకు తల్లే, దొరల కచేరిలో పాడినామె యాడుండాదని అడిగింది. ఆ కచేరి సంగతి కార్వేటినగరం దాకా పోయిందన్నమాట. వియ్యపురాలు అడిగిన తరువాత అవ్వకు కాదనే దారి లేదు, అవుననే మనసూ లేదు. అందుకని మధ్యేమార్గం కనిపెట్టింది. అత్త సామాన్ల గది తలుపు వెనక నిలబడి పాడాలి, పాట వినపడాలి, మనిషి కనపడకూడదు. ఉయ్యాల వెనక్కి ఊగినప్పుడల్లా తలుపు సందులోంచి ఆమె చీర అంచు నాకు కనపడేది. సంతోషమూ కోపమూ రెండూ ఒక్కసారే వచ్చి, నేను మా ఆయన ముఖం కూడా సరిగా చూడలేదు.

ఆ తరువాత చాలా ఇళ్ళ వాళ్ళు అత్తను పిలిచారు. ప్రతి ఇంట్లోనూ ఒక తలుపు ఉండేది. ఆమె దానికే సంబరపడేది, నాకే మింగుడు పడేది కాదు. పాట నేర్చుకోవాలంటే పాడేవాళ్ళ ఎదురుగా కూర్చుని నోటికేసి చూడాలి. తలుపు వెనక పాటను ఎవరు నేర్చుకుంటారు? నేనేమో కాపురానికి పోయి పిల్లలతో, వంటతో పడిపోయాను, వచ్చినప్పుడల్లా నేర్చుకుందాములే అనుకుంటూనే ఉన్నాను. అంతలోనే అత్త కన్నుమూసింది.

మా ఆయన పోయాక, మా పెద్ద మనవరాలి పెళ్ళి తిరుచానూరు కల్యాణమంటపంలో జరిగింది. ఇప్పుడు ఎవరూ ఎవరినీ తలుపు వెనక నిలబెట్టడం లేదు, అందుకు నేను రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెడతాను. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు, తలలో పూలు పెట్టారు, ఉయ్యాల దగ్గర పిల్లలే మైకు తెచ్చి పాడు అవ్వా అన్నారు. వద్దన్నవాళ్ళు లేరు. మొహం చిట్లించినవాళ్ళూ లేరు. బావి తాడు సంగతి అడిగే చరణాలు రెండూ పాడాను. పెళ్ళికొడుకు జవాబు దగ్గరికి వచ్చేసరికి ఒక్క మాట గుర్తురాలేదు. ఎవరైనా అందిస్తారేమోనని చుట్టూ చూశాను, ఆ పాట తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. పాట అంతేననుకుని పిల్లలంతా చప్పట్లు కొట్టారు.